ఫిర్యాదులు ఎన్నయినా లోపం ఒకటే



కొండరాళ్లు పగలంతా తాగిన ఎండను రాత్రంతా కక్కే ఊరు మనది. విజయవాడకి బ్లేజ్‌వాడ అన్న పేరు ఊరికే రాలేదు. ఒకప్పుడు ఏసీ అంటే డబ్బున్నవాళ్ల ఇంటి సంగతి. ఇప్పుడు కృష్ణలంకలో, భవానీపురంలో, సింగ్‌నగర్‌లో రెండు గదుల వాటాల్లో ఉండేవాళ్లు కూడా నెలనెలా వాయిదాలు కట్టుకుంటూ ఒక ఏసీ పెట్టుకుంటున్నారు. ఇంట్లో పసిబిడ్డ ఉందనో, పెద్దాయన వేడికి తట్టుకోలేకపోతున్నాడనో. అలాంటి ఇంట్లో కొన్న ఏడాదే ఏసీ చల్లబరచడం మానేస్తే ఏం జరుగుతుందో చూద్దాం.

కంపెనీ నంబరుకి ఫోన్ చేస్తారు. కంప్లైంట్ నంబరు మెసేజ్‌లో వస్తుంది. టెక్నీషియన్ వచ్చి, అవుట్‌డోర్ యూనిట్‌కి గేజ్ తగిలించి, "గ్యాస్ తగ్గిందండీ" అంటాడు. గ్యాస్ ఎక్కిస్తాడు. గది ఇంకా చల్లబడనే లేదు, "మీ ఫోన్‌కి ఓటీపీ వచ్చింది, చెప్పండమ్మా, కంప్లైంట్ క్లోజ్ చేసుకోవాలి" అంటాడు. ఎండ మండిపోతోంది, ఇంకా నాలుగిళ్లు తిరగాలి పాపం అనుకుని ఇల్లాలు చెప్పేస్తుంది. నెలన్నర తిరక్కుండానే మళ్లీ ఉత్త గాలి. మళ్లీ ఫోను, కొత్త కంప్లైంట్ నంబరు, మళ్లీ గ్యాసు, మళ్లీ ఓటీపీ.

ఇప్పుడు ఆ ఏసీకి రెండు చరిత్రలు తయారయ్యాయి. కంపెనీ కంప్యూటర్లో ఉన్న చరిత్ర ప్రకారం, వీళ్లు ఎన్నిసార్లు ఫిర్యాదు చేస్తే అన్నిసార్లూ సమస్య పరిష్కారమైంది. ఇంట్లోవాళ్లకి తెలిసిన చరిత్ర ప్రకారం, కొన్నప్పటినుంచీ ఉన్నది ఒకటే జబ్బు, అది ఒక్కసారీ నయం కాలేదు. రేపు వినియోగదారుల కమిషన్ ముందు ఏది నిలబడుతుందంటే, కాగితం ఉన్నది నిలబడుతుంది. ఈరోజు నేను చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది. తిరిగొచ్చే లోపం ఎన్ని ఫిర్యాదులుగా నమోదైనా ఒకటే లోపం. ఆ సంగతిని కాగితం మీదికి ఎక్కించే పని కంపెనీ చేయదు, మనమే చేసుకోవాలి.

ముందు గ్యాస్ సంగతి తేల్చుకుందాం. ఏసీలో గానీ ఫ్రిజ్‌లో గానీ గ్యాస్ వాడకంతో అయిపోయేది కాదు. కంప్రెసరు, రాగి గొట్టాలు, కాయిళ్లు కలిసి గట్టిగా మూసి ఉన్న ఒక వలయం. అందులో ఒకసారి నింపిన గ్యాసే ఏళ్ల తరబడి తిరుగుతూ పనిచేస్తుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే లెక్క. ఆ చోటు పట్టుకోవాలంటే గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కించి ఒత్తిడి నిలుస్తుందో లేదో చూడాలి. అతుకుల దగ్గర సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో గమనించాలి. దానికి సమయం పడుతుంది. లీకు వెతక్కుండా గ్యాస్ నింపి వెళ్లిపోవడం, పంక్చర్ వేయకుండా ట్యూబుకి గాలి కొట్టి పంపడం లాంటిది. కాబట్టి రెండోసారి "గ్యాస్ తగ్గింది" అన్నప్పుడు మనం అడగాల్సింది ఒకటుంది. "లీకు ఎక్కడుంది? టెస్ట్ చేశారా? చేస్తే ఏం తేలిందో జాబ్‌షీట్‌లో రాయండి." అతుకు దగ్గర లీకైతే అది బిగించినవాళ్ల పనితనం. కాయిల్లోనే లీకైతే తయారీలో లోపం కావచ్చు. బాధ్యత ఎవరిదో తెలియడం ఆ పరీక్షతోనే మొదలవుతుంది.

ఇక చట్టం సంగతి. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చింది, 2020 జూలై నుంచి అమలవుతోంది. అందులో లోపానికి ఇచ్చిన నిర్వచనం చాలా విశాలమైనది. నాణ్యతలో, పరిమాణంలో, సామర్థ్యంలో, ప్రమాణంలో ఏ కొరత ఉన్నా లోపమే. ఆ ప్రమాణం చట్టం పెట్టినదైనా కావచ్చు, ఒప్పందంలో ఉన్నదైనా కావచ్చు, అమ్మేవాడు తనంతట తాను గొప్పగా చెప్పుకున్నదైనా కావచ్చు. ఈ చివరి ముక్క కాస్త గుర్తుంచుకోండి, దానితో పని పడుతుంది. లోపం రుజువైతే కమిషన్ దాన్ని సరిచేయించవచ్చు, అలాంటిదే లోపం లేని కొత్త వస్తువు ఇప్పించవచ్చు, కట్టిన ధరను వడ్డీతో సహా వెనక్కి ఇప్పించవచ్చు. పడ్డ ఇబ్బందికి పరిహారం, కేసు ఖర్చులు కూడా ఇప్పించవచ్చు.

అయితే మూడుసార్లు రిపేరుకి వస్తే కొత్తది ఇచ్చి తీరాలని వాట్సాప్‌లో తిరిగే మాట మన చట్టంలో లేదు. అమెరికాలో 1982లో కనెక్టికట్ లాంటి రాష్ట్రాలు కొత్త కార్ల విషయంలో ఇలాంటి లెక్క పెట్టాయి. బ్రిటన్లో 2015 చట్టం ప్రకారం ఒకసారి రిపేరు చేశాక కూడా వస్తువు సరిగా లేకపోతే, కొన్నవాళ్లు దాన్ని తిప్పి ఇచ్చేయవచ్చు, లేదా ధర తగ్గించమని అడగవచ్చు. మన దగ్గర అంకె లేదు, కమిషన్ విచక్షణే ఉంది. దానికీ హద్దు ఉందని 2006లో సుప్రీంకోర్టు ఒక కారు కేసులో చెప్పింది. మారుతీ ఉద్యోగ్ మీద వేసిన కేసు అది. వారంటీలో లోపమున్న భాగాన్ని మార్చి ఇస్తామని మాత్రమే ఉన్నప్పుడు బండి మొత్తాన్ని మార్చమనడం కుదరదని చెప్పి, కొన్నవారికి 50,000 రూపాయలు ఇప్పించింది. కాబట్టి వస్తువు మొత్తం మార్చమని అడిగేవాళ్లు ఒక సంగతి చూపించగలగాలి. భాగాలు మార్చారు, అయినా అదే లోపం తిరిగొచ్చింది, ఇక భాగాలతో అయ్యే పని కాదు అని. అది చూపించేవి జాబ్‌షీట్లే.

మరి జాబ్‌షీట్ ఎలా ఉండాలి? టెక్నీషియన్ రాసేది ఒక ముక్కే, "చెక్డ్, ఓకే" అని. దాని మీద సంతకం పెట్టేముందు మీ మాట అందులో పడాలి. "కూలింగ్ లేదు, ఇదే సమస్య మార్చిలోనూ మేలోనూ వచ్చింది" అని పాత కంప్లైంట్ నంబర్లతో సహా రాయించండి. ఏ భాగం మార్చారు, పాతదాన్ని ఏం చేశారు, ఏం కొలిచారు, అదంతా ఉండాలి. కాగితం ఇవ్వం, అంతా యాప్‌లోనే అంటే స్క్రీన్ ఫొటో తీసుకోండి. ఓటీపీ మాత్రం మెషీన్ నడిపి చూశాకే చెప్పండి. ఏసీ అయితే గది చల్లబడాలి, వాషింగ్ మెషీన్ అయితే బట్టలేసి పూర్తిగా ఒకసారి తిరగాలి. ఆ నాలుగంకెలు చెప్పడమంటే పని పూర్తయిందని సంతకం పెట్టడమే. తొందరపెడితే, "కాస్త కూర్చోండి బాబూ, మంచినీళ్లు తాగండి, ఈలోపు చల్లబడుతుందేమో చూద్దాం" అనండి. అతనితో గొడవ అక్కర్లేదు. రోజుకి ఇన్ని ఇళ్లు అని అతని మీద ఒత్తిడి పెట్టేవాళ్లు వేరే ఉన్నారు.

అదే లోపం మూడోసారి వచ్చిందనుకోండి, ఇక ఫోన్లు ఆపి ఉత్తరం రాయండి. కంపెనీకి ఒకటి, అమ్మిన షోరూముకి ఒకటి. ఈమెయిల్ చేసి, స్పీడ్ పోస్టులో కూడా పంపి రసీదు దాచుకోండి. లాయరు భాష అక్కర్లేదు. "ఫలానా తేదీన, ఫలానా బిల్లు నంబరుతో, ఫలానా మోడల్ కొన్నాను. ఈ తేదీల్లో ఇదే లోపం వచ్చింది. ప్రతిసారీ మీ మనిషి వచ్చి ఇది చేశారు. అయినా లోపం పోలేదు. ఇవన్నీ కలిపి ఒకే లోపంగా తీసుకుని, ఉత్తరం అందిన పదిహేను రోజుల్లోగా వస్తువు మార్చి ఇవ్వండి, లేదా డబ్బు వాపసు ఇవ్వండి." ఇంతే. మీ చేతిలోని చరిత్ర కంపెనీ చేతికి రాతపూర్వకంగా అందింది. ఆ తర్వాత, మాకు చెప్పనే లేదని వాళ్లు అనలేరు.

అక్కడినుంచి కంపెనీ చెప్పే సాకులు మొదలవుతాయి. కృష్ణా డెల్టాలో మొట్టమొదట వినిపించేది వోల్టేజ్. ఇందులో నిజం లేకపోలేదు. కైకలూరు, బంటుమిల్లి వైపు రాత్రిళ్లు చెరువుల్లో ఏరియేటర్లన్నీ ఒక్కసారి తిరిగే ఊళ్లలో, లైను చివర ఉన్న ఇళ్లలో కరెంటు ఎలా ఉంటుందో అక్కడివాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. వోల్టేజ్ పడిపోతే ఫ్రిజ్ కంప్రెసర్ తిరగడానికి తంటాలు పడుతుంది, ఎక్కువ కరెంటు లాగుతుంది, లోపలి చుట్టలు వేడెక్కి దెబ్బతింటాయి. అందుకని ఆ మాట నోటితో అంటే ఒప్పుకోకండి. ఎంత ఉందో మీటరు పెట్టి కొలిచి, ఆ అంకెను జాబ్‌షీట్‌లో రాయమనండి. నిజంగానే తక్కువుంటే 1912కి ఫోన్ చేసి విద్యుత్ పంపిణీ సంస్థకి ఫిర్యాదు చేయండి. తప్పు ఆ వైపు ఉంటే ఆ వైపే తేలుతుంది. ఇప్పుడు ఇందాక చెప్పిన నిర్వచనంలోని చివరి ముక్క దగ్గరికి వద్దాం. కొనేటప్పుడు డబ్బా మీద, కేటలాగ్‌లో "స్టెబిలైజర్ అక్కర్లేదు" అని, ఎంత వోల్టేజ్ నుంచి ఎంత వోల్టేజ్ వరకు పనిచేస్తుందో అంకెలతో సహా వేసి ఉంటుంది చూశారూ? అది అమ్మేవాడు తనంతట తాను చెప్పుకున్న ప్రమాణం. మీ ఇంటి వోల్టేజ్ ఆ హద్దుల్లోనే ఉండి ఫ్రిజ్ పాడైతే, కరెంటు మీద నెపం పెట్టడానికి వీల్లేదు. డబ్బా పారేసేముందు ఆ వైపు ఒక ఫొటో తీసుకోండి.

రెండో సాకు బల్లి. వాషింగ్ మెషీన్ బోర్డు కాలిపోతే, బల్లి దూరిందనో ఎలుక కొరికిందనో చెప్పి వారంటీ వర్తించదంటారు. నిజంగా బల్లే కారణమైతే అది కంపెనీ తప్పు కాదు, ఒప్పుకోవాలి. బోర్డు విప్పినప్పుడు దగ్గరుండి చూడండి, ఫొటో తీయించండి. మొదటి రెండు బోర్డులూ ఏ బల్లీ లేకుండానే పోయి, వారంటీ గడువు దగ్గరపడ్డాక మూడోసారి మాత్రం బల్లి వచ్చిందంటే, ఆ బల్లి కథ కమిషన్ కూడా వినాల్సిందే.

మూడోది, వారంటీ అయిపోయింది అనడం. లోపం మొదట ఎప్పుడు వచ్చిందో చూపించండి. వారంటీలో ఉండగా మొదలైన లోపాన్ని సరిగా నయం చేయకుండా నెట్టుకొచ్చి, గడువు దాటాక డబ్బడిగితే అది సేవలో కూడా లోపమే. ఏసీలాంటివి కొన్న రోజునుంచి కాక ఇంట్లో బిగించిన రోజునుంచి వారంటీ లెక్కించాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కంపెనీలను కోరింది కూడా. అయితే మనవైపు ఒక జాగ్రత్త. ఫిర్యాదుకి కారణం పుట్టిన రోజునుంచి రెండేళ్లలోపు కమిషన్‌కి వెళ్లాలి. ఈ వేసవి గడవనీ, వచ్చే వేసవి చూద్దాం అనుకుంటూ కూర్చుంటే గడువు దాటిపోతుంది. వారంటీలో ఉండగా బయటి మెకానిక్ చేత విప్పించకండి. అది వాళ్ల చేతికి మనమే ఇచ్చే నాలుగో సాకు.

షోరూం బిల్లు కింద చిన్న అక్షరాల్లో "అమ్మిన వస్తువు వాపసు తీసుకోబడదు" అని ఉంటుంది. లోపమున్న వస్తువు విషయంలో ఆ వాక్యానికి విలువ లేదు. బిల్లులో చెప్పిన గడువులో, గడువేదీ చెప్పకపోతే ముప్ఫై రోజుల్లో, లోపమున్న వస్తువుని వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి అని చట్టమే చెబుతోంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. బిల్లు లేకుండా అయితే కాస్త తగ్గిస్తామంటే ఆశపడకండి. ఆ తగ్గింపుతోపాటు మీ హక్కు కూడా వదులుకుంటున్నారు.

ఇక్కడ బుడమేరు వరద సంగతి చెప్పకపోతే ఈ ఊళ్లో మాట్లాడినట్టు కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ నీళ్లలో ఉన్నప్పుడు ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు రోజుల తరబడి మునిగే ఉన్నాయి. వరదలో పాడైన వస్తువుకి వారంటీ వర్తించదు, అది బీమా చూసుకోవాల్సిన నష్టం. కానీ వరదకు ముందునుంచే లోపంతో సతమతమవుతున్న వస్తువులూ వాటిలో ఉంటాయి. అలాంటి వస్తువులున్నవాళ్లు, లోపం నీళ్లవల్ల వచ్చింది కాదని చూపించాలంటే పాత బిల్లులు, జాబ్‌షీట్లు కావాలి. బీరువా అడుగున దాచిన కాగితాలు మెషీన్‌తోపాటే నాని పోయి ఉంటే ఏం చూపిస్తారు? అందుకే బిల్లుని, వారంటీ కార్డుని, ప్రతి జాబ్‌షీట్‌ని ఫోన్లో ఫొటో తీసి మీ ఈమెయిల్‌కి మీరే పంపుకోండి. ఈమెయిల్ లేకపోతే కొడుక్కో కూతురికో పంపించండి.

ఉత్తరానికి జవాబు రాకపోతే ముందు 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడవచ్చు. వాళ్లు తీర్పు చెప్పరు గానీ కంపెనీకి మీ ఫిర్యాదు పంపి జవాబు అడుగుతారు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఇప్పటికీ కన్స్యూమర్ ఫోరం అనే అంటారు, ఆ మాటతో అడిగినా దారి చూపిస్తారు. బెజవాడవాళ్లకి విజయవాడలోనే ఉంది, కృష్ణా జిల్లా వాళ్లకి మచిలీపట్నంలో. వస్తువు ఎక్కడ కొన్నా, కంపెనీ ఢిల్లీలో ఉన్నా, మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు. 2019 చట్టం తెచ్చిన పెద్ద సౌకర్యం ఇదే. కట్టిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. మన ఇళ్లలో ఫ్రిజ్‌లూ ఏసీలూ అన్నీ ఆ లోపే. లాయర్ని పెట్టుకోవడం తప్పనిసరి కాదు, మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. ఆన్‌లైన్లో వేయవచ్చు, వీడియోలో విచారణకి హాజరు కావడానికీ చట్టంలో వీలుంది. కంపెనీని, అమ్మిన షోరూముని ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చండి. లేకపోతే తప్పు పక్కవాడిదని తలో వైపు తప్పుకుంటారు.

లోపం ఉందని రుజువు చేయడం ఎలా అన్నది చాలామంది భయం. పరీక్ష లేకుండా తేలదనుకుంటే కమిషన్ వస్తువుని తగిన ప్రయోగశాలకి పంపించవచ్చు, పరీక్ష ఖర్చు ముందు ఫిర్యాదుదారు కట్టాల్సి రావచ్చు. అయితే పరీక్ష నివేదిక లేనంత మాత్రాన దారి మూసుకుపోదు. ఇందుకు మన తెలుగు రైతుల కేసే ఉంది. లోపమున్న విత్తనాల వల్ల పంట నష్టపోయిన ఆంధ్రప్రదేశ్ రైతులు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద పోరాడితే, విత్తనాన్ని పరీక్షకి పంపలేదు కాబట్టి కేసు చెల్లదని సంస్థ వాదించింది. కొన్న విత్తనమంతా పొలంలో చల్లేసిన రైతు, పరీక్ష కోసం కొంత దాచి ఉంచాలనడం కుదరదని 2012లో సుప్రీంకోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. పొలం చూసిన అధికారుల నివేదికల్లాంటి ఇతర సాక్ష్యాలతోనే రైతులు గెలిచారు. ఫ్రిజ్ విత్తనం కాదు, అది మన ఇంట్లోనే ఉంటుంది, పరీక్షకి పంపవచ్చు. అయినా కంపెనీ సొంత టెక్నీషియన్ తన చేత్తో రాసిన జాబ్‌షీట్లు, ఒకే లోపాన్ని మళ్లీ మళ్లీ చెప్పేవి, వరుసగా ఉంటే వాటిని మించిన సాక్ష్యం దొరకడం కష్టం. అది కంపెనీ తన మీద తాను ఇచ్చుకున్న వాంగ్మూలం.

ఇది ఇళ్లకే కాదు. ఉయ్యూరులోనో గుడివాడలోనో ఇంటి ముందు కూల్‌డ్రింకులు అమ్ముకునే ఆమె డీప్ ఫ్రీజరుకి అదే లోపం పదేపదే వచ్చినా ఆమె వినియోగదారే. వ్యాపారం కోసం కొన్న వస్తువులకి ఈ చట్టం వర్తించదు గానీ, సొంత కష్టంతో బతుకుతెరువు కోసం కొనుక్కున్నవాళ్లకి చట్టం మినహాయింపు ఇచ్చింది. పెడనలో కుట్టుమిషన్ మీద బతికేవాళ్లకీ అంతే.

చట్టం ప్రకారం మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో కేసు తేల్చాలి. ఆచరణలో వాయిదాల మీద వాయిదాలు పడి అంతకన్నా ఎక్కువే పడుతుంది, ముందే తెలుసుకుని వెళ్లండి. అయితే తీర్పు మీవైపు వచ్చాక కంపెనీ అప్పీలుకి వెళ్లాలంటే కట్టాల్సిన దానిలో సగం సొమ్ము ముందు డిపాజిట్ చేయాలి. తీర్పుని లెక్కచేయకపోతే నెలనుంచి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయలకి తగ్గకుండా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఒకసారి పాడైన ప్రతి వస్తువుకీ కమిషన్ దాకా వెళ్లమని నేననడం లేదు. ఏ మెషీనైనా ఒకసారి మొరాయించవచ్చు, మంచి టెక్నీషియన్ చక్కగా బాగుచేస్తే అక్కడితో అయిపోతుంది. నేను చెప్పిన హక్కు, బాగుచేశామని చెప్పినా బాగుకాని వస్తువు విషయంలోది. అందులో పోరాడే బలం కేసు వేసిన రోజున కొత్తగా పుట్టుకురాదు. మొదటి జాబ్‌షీట్‌లో సరైన వాక్యం రాయించుకున్న రోజునే మొదలవుతుంది. ఒకే లోపం అని వరుసగా చెప్పే నాలుగు కాగితాలు చేతిలో ఉన్నవాళ్లతో కంపెనీలు వాదనకి దిగేముందు రెండుసార్లు ఆలోచిస్తాయి. చాలా గొడవలు కమిషన్ మెట్లెక్కకుండానే తెగిపోయేది కూడా అలాంటి కాగితాల వల్లనే.